అద్దె ఇంటి వంటగదిలో చీకటి: 1500 రూపాయల్లో ఏమైనా చేయొచ్చా?

హూడీ ఒంగోలు | మంగళవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు హూడీలో అద్దెకుంటున్నాం, ఫస్ట్ ఫ్లోర్. మిగతా ఇల్లు బాగానే ఉంది గానీ వంటగది మాత్రం పట్టపగలు కూడా లైటు లేకపోతే గుహే. ఉన్న ఒక్క కిటికీకి మూడడుగుల దూరంలో పక్కింటి గోడ. గదికంతా ఒకటే పాత ట్యూబ్‌లైటు. స్టవ్ దగ్గర నిలబడితే అది నా వెనక గోడ మీద ఉంటుంది. దాంతో గట్టు మీద ఎప్పుడూ నా నీడే. పోపు పెడితే మెంతులు ఎర్రబడ్డాయో మాడాయో కనపడదు, వాసన వచ్చాకే తెలుస్తుంది. గోంగూర బాగుచేయాలంటే పళ్లెం పట్టుకుని హాల్లోకి రావాల్సి వస్తోంది.

గట్టు నల్ల గ్రానైటు. దాని మీద అడుగున్నర ఎత్తులో గోడ పొడవునా ఒక కడప రాయి అర, ఆపైన సజ్జ. గోడకు ఒక్క మేకు కొట్టినా అడ్వాన్సులో కోస్తామని ఓనర్ ముందే చెప్పారు. నా బడ్జెట్ 1500. ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ సలహాలు దయచేసి వద్దు, అవి యూట్యూబ్‌లో చాలా చూశాను.

వైట్‌ఫీల్డ్ వేపకాయ | మంగళవారం రాత్రి 9:30

ఇంత చర్చ ఎందుకండీ. 50 వాట్ల ఎల్ఈడీ బల్బు దొరుకుతుంది, షాపుల్లో పెట్టుకునేది. ఒకటి తెచ్చి బిగించండి. గది స్టేడియం అయిపోతుంది.

హూడీ ఒంగోలు | మంగళవారం రాత్రి 9:34

బిగించడానికి ఉన్న హోల్డర్ కూడా వెనక తలుపు పైనే అండీ. అప్పుడు నా నీడ ఇంకా నల్లగా పడుతుందేమో!

కరెంటు మాట | మంగళవారం రాత్రి 10:05

నీడ గురించి ఆవిడ చెప్పింది నిజం. నేను ఇళ్లకు వైరింగ్ కాంట్రాక్టులు చేస్తాను, ఈ ఊళ్లో చాలా వంటగదుల్లో ఇదే తంతు. స్లాబ్ పోసేటప్పుడు పైపులు వేసే అబ్బాయి స్టవ్ ఎక్కడొస్తుందో చూడడు, తలుపు పక్కన స్విచ్చుబోర్డుకు దగ్గరలో ఒక పాయింటు ఇచ్చేస్తాడు. తర్వాత ఎన్ని వాట్లు పెంచినా లైటుకీ గట్టుకీ మధ్య వంట చేసే మనిషి ఉంటుంది.

లైటు మీ తలకు ముందుకు రావాలి. మీకు కడప రాయి అర ఉందన్నారు చూడండి, సగం పని అయిపోయినట్టే. దాని అడుగున ముందు అంచుకు దగ్గరగా రెండడుగుల ఎల్ఈడీ బ్యాటెన్ (ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే లైటు), 10 వాట్లది, ఒకటి పెట్టండి. గోడవైపు లోపలికి పెడితే వెలుగు టైల్స్ మీద పడి, గ్రానైటు మీద అద్దంలా మెరిసి కళ్లలో కొడుతుంది. ముందు అంచు నుంచి ఒక అంగుళం లోపలికి ఉంటే లైటు కంటికి కనపడదు, కింద తరిగే చోటు మాత్రం పూర్తిగా వెలుగుతుంది.

10 వాట్లే కదా అనుకోవద్దు. మంచి ఎల్ఈడీ ఒక్కో వాట్‌కు 100 ల్యూమెన్ల (వెలుగు కొలత) దాకా ఇస్తుంది, అంటే 1000 ల్యూమెన్లు. మీ పాత ట్యూబు గట్టుకు ఐదారడుగుల దూరం, ఇది అడుగున్నర. చిన్న బల్బుకైతే దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పొడుగు లైటుకు అంత గట్టిగా పడిపోదు గానీ లెక్క అదే దారిలో నడుస్తుంది. దగ్గరికి తెచ్చిన చిన్న లైటు దూరంగా ఉన్న పెద్ద లైటును ఓడిస్తుంది.

మేడమీద మునగచెట్టు | బుధవారం ఉదయం 6:20

కొనడం తర్వాత. ముందు ఆ ట్యూబ్‌లైటు ఎప్పుడు తుడిచారు తల్లీ? స్విచ్ ఆపి, స్టూలెక్కి వేలితో ఒకసారి గీయండి. వంటింటి ట్యూబు మీద నూనె జిడ్డు, దాని మీద దుమ్ము, దాని మీద మళ్లీ నూనె. నేను పండక్కి ముందు తుడిపిస్తే మా ఆయన కొత్త లైటు తెచ్చావా అని అడిగారు.

కిటికీకి దోమల మెష్ ఉందా? అది ఇంకా దారుణం. పోపు పొగంతా దాన్లోంచే బయటికి పోతుంది, కొన్నాళ్లకు కళ్లు మూసుకుపోయి పరదాలా తయారవుతుంది. ఊడొచ్చేదైతే ఊడదీసి వేణ్నీళ్లలో గుప్పెడు చాకలిసోడా వేసి రాత్రంతా నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్దండి. అల్యూమినియం మెష్ అయితే మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది. గిన్నెల సబ్బు చాలు.

ఇంకొకటి. పక్కింటి గోడ అన్నారు, మధ్యలో కాంపౌండు గోడ మీ ఓనర్‌దే అయి ఉండాలి. అది ఏ రంగు? సిమెంటు బూడిద రంగయితే దాని మీద తెల్ల సిమెంటు పూత ఒకటి వేయమని అడగండి. పైనుంచి పడే ఎండ తెల్ల గోడకు తగిలి మీ కిటికీలోకి తిరుగుతుంది. మేం మల్లేశ్వరంలో ఉన్నప్పుడు పక్కవాళ్లు వాళ్ల గోడకు సున్నం కొట్టించుకుంటే మా వంటింట్లో పొద్దున పూట లైటు వేయడం మానేశాం.

హూడీ ఒంగోలు | బుధవారం ఉదయం 8:15

పిన్నిగారూ, మెష్ సంగతి మీరు చెప్పేదాకా తట్టనే లేదు. బయటివైపు చూస్తే గోధుమరంగులో ఉంది. అసలు రంగు ఆకుపచ్చట!

కాంపౌండు గోడ సాయంత్రం చూస్తాను. ఓనర్ ఆంటీ తెలుగులోనే మాట్లాడతారు, ఈ చుట్టుపక్కల పాత ఊరివాళ్లు చాలామంది అంతే కదా. అడగడానికి భాష ఇబ్బంది లేదు, ధైర్యమే కావాలి.

బీటీఎం బ్యాచిలర్ | బుధవారం మధ్యాహ్నం 1:40

అక్కా, బ్యాటెన్ వద్దు. 12 ఓల్టుల స్ట్రిప్ లైటు తీసుకో. ఐదు మీటర్ల రోల్, అడాప్టర్, వెనక స్టిక్కర్ ఉంటుంది, పీకి అంటించడమే. లుక్ కూడా అదిరిపోతుంది. మా రూమ్‌లో అదే పెట్టాం, రిమోట్‌తో రంగులు మారతాయి.

రాయచోటి రుచులు | బుధవారం మధ్యాహ్నం 2:02

రంగులు మారే లైటు కింద టమాటా పండిందో లేదో ఎట్లా తెలుస్తుంది బ్రో 😀 వంటగదికి స్ట్రిప్ లైటు నేనూ పెట్టి చూశాను. ఆ స్టిక్కర్ జిగురు కుక్కర్ ఆవిరికి రెండు వర్షాకాలాలు ఆగదు. ఒక మూల ఊడి వేలాడుతుంది, ఆ వేలాడే తోకకు జిడ్డు పడుతుంది. దాన్ని తుడవడం నరకం, ప్రతి చిప్పు మధ్య ఒక సందు. అల్యూమినియం ప్రొఫైల్‌లో (కాలువలా ఉండే పట్టీ) పెట్టి పైన మూత వేస్తే శుభ్రంగా ఉంటుంది, వేడి కూడా లాగేస్తుంది. కానీ అప్పుడు ప్రొఫైలు, మంచి అడాప్టరు కలిపి 1500 దాటిపోతుంది.

కరెంటు మాట | బుధవారం సాయంత్రం 7:20

స్ట్రిప్ తప్పేం కాదు, అడాప్టర్ దగ్గరే అందరూ దెబ్బ తింటారు. మీటరుకు 14 వాట్లు తినే స్ట్రిప్ రెండు మీటర్లు పెడితే 28 వాట్లు. దానికి 24 వాట్ల అడాప్టర్ ఇచ్చి పంపుతారు. అది రోజూ కాలుతూ కొన్ని నెలల్లో చచ్చిపోతుంది. స్ట్రిప్ తినే దానికి కనీసం ఐదో వంతు ఎక్కువ ఉండాలి. ఇక్కడ 36 వాట్లది కావాలి.

బ్యాటెన్‌లో డ్రైవర్ (కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే భాగం) లోపలే ఉంటుంది, పైన నున్నటి మూత, తడిబట్టతో ఒక్క తుడుపు. వంటింటికి నా ఓటు దానికే.

బీటీఎం బ్యాచిలర్ | బుధవారం సాయంత్రం 7:31

ఒప్పుకుంటున్నా. మాది ఊడిపోలేదు కానీ మేం మ్యాగీ తప్ప ఏదీ వండం.

హూడీ ఒంగోలు | బుధవారం రాత్రి 8:50

సరే, బ్యాటెన్ ఖాయం. అయితే రెండు సందేహాలు. ఒకటి, మేకు కొట్టకుండా కడప రాయికి ఎలా నిలబెట్టాలి? రెండు, కరెంటు ఎక్కడి నుంచి? గట్టు మీద మిక్సీకి ఒక చిన్న సాకెట్ మాత్రమే ఉంది, అది కుడి చివర.

నెల్లూరు నాటుకోడి | బుధవారం రాత్రి 9:15

డబుల్ టేప్ సరిపోతుంది. కానీ అంటించే ముందు రాయిని సబ్బునీళ్లతో కడిగి, ఆరాక సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. కడప రాయి అడుగుభాగం గరుకుగా ఉంటుంది, పాలిష్ పైవైపే పెడతారు. గరుకు మీద పలుచటి టేపు పట్టదు. ఫోమ్ ఉన్న మందపాటి టేపు తీసుకోండి. బ్యాటెన్‌ను పట్టుకునే క్లిప్పులను మాత్రం దాంతో అంటించి, లైటు బిగించకుండా ఒక రోజు వదిలేయండి.

ఇంకా నమ్మకం లేకపోతే వడ్రంగులు చెక్కలు బిగించడానికి వాడే చిన్న క్లాంపులు హార్డ్‌వేర్ షాపుల్లో ఉంటాయి. రాయి అంగుళం మందమే కాబట్టి ముందు అంచుకు రెండు క్లాంపులు బిగించి, వాటికి బ్యాటెన్‌ను కేబుల్ టైలతో కట్టేయొచ్చు. అందంగా ఉండదు. కానీ ఇల్లు ఖాళీ చేసినప్పుడు మరక కూడా ఉండదు.

రాయచోటి రుచులు | బుధవారం రాత్రి 9:40

మా వంటగది సన్నగా పొడుగ్గా ఉంటుంది, అర లేదు. నేను స్ప్రింగ్ ఉండే కర్టెన్ రాడ్డును ఈ గోడకీ ఆ గోడకీ మధ్య బిగించి దానికి బ్యాటెన్ కట్టాను. ఒక్క బెజ్జం లేదు. అర లేనివాళ్లకు పనికొస్తుందని చెప్తున్నా. రాడ్డు మీద మసిగుడ్డలు మాత్రం ఆరేయకండి, మొత్తం కిందికొస్తుంది.

కరెంటు మాట | బుధవారం రాత్రి 10:10

సాకెట్ సంగతి. లైటు 10 వాట్లు, మిక్సీ 500 నుంచి 750 వాట్లు. రెండూ కలిసి ఆ చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌కు బరువేం కాదు. స్విచ్ ఉన్న మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టుకోండి. కానీ అదే బోర్డులో ఇండక్షన్ స్టవ్ పెట్టాలని ఇంట్లో ఎవరికైనా బుద్ధి పుడుతుంది చూడండి, అక్కడే ప్రమాదం. 2000 వాట్ల ఇండక్షన్ 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టే కావాలి. మీ ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ‘ఇండక్షన్ వద్దు’ అని మార్కర్‌తో రాసేయండి.

వైరు స్టవ్ వెనక నుంచి పోకూడదు. అర అడుగునే అంటించుకుంటూ సాకెట్ దాకా తీసుకెళ్లి, అక్కడ గోడ మూలలోంచి కిందికి దించండి. స్టిక్కర్ ఉన్న ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ దొరుకుతుంది, అందులో పెడితే జిడ్డు పట్టదు. బ్యాటెన్ కూడా నేరుగా బర్నర్ మీద వద్దు, కుక్కర్ విజిల్ ఆవిరి సూటిగా తగులుతుంది, మూత పచ్చబడి వంకర పోతుంది. తరిగే చోటు మీద పెట్టండి. స్టవ్‌కు పక్కనుంచి వచ్చే వెలుగు చాలు.

ఇంకోటి, సింకు దగ్గర తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దు అని చెప్పక్కర్లేదు అనుకుంటాను. చెప్తూనే ఉంటాను.

వైట్‌ఫీల్డ్ వేపకాయ | గురువారం ఉదయం 9:05

చార్జింగ్ లైట్లు ఉన్నాయి కదా, అయస్కాంతంతో అంటుకునేవి, చెయ్యి ఊపితే వెలిగేవి. వైరు గోలే ఉండదు.

మేడమీద మునగచెట్టు | గురువారం ఉదయం 9:50

మా కోడలు తెచ్చింది. ఉల్లిపాయ తరుగుతూ కాసేపు కదలకపోతే ఆరిపోతుంది, మళ్లీ చెయ్యి ఊపాలి. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం క్యారియర్లు, రాత్రి వంట అంటే వారానికోసారి కాదు, మధ్యలోనే చార్జింగ్ అడుగుతుంది. సింకు కింద సామాన్ల అరలో పెట్టాను, అక్కడికి దివ్యంగా ఉంది.

నెల్లూరు నాటుకోడి | గురువారం ఉదయం 11:30

రంగు గురించి ఎవరూ చెప్పలేదు. షాపువాడు ఏమీ అడగకపోతే కూల్ డేలైట్ చేతిలో పెడతాడు, అది 6500 కెల్విన్ (లైటు రంగు కొలత), కొంచెం నీలం కొట్టే తెలుపు. వార్మ్ అంటే 3000, పసుపు. వంటకు నా లెక్కలో 4000 కెల్విన్ సరైనది, డబ్బా మీద నేచురల్ వైట్ అనో న్యూట్రల్ వైట్ అనో ఉంటుంది.

దానికంటే ముఖ్యం సీఆర్ఐ అనే అంకె. వస్తువుల రంగును ఉన్నది ఉన్నట్టు చూపించడంలో లైటుకు ఎన్ని మార్కులో అది చెబుతుంది, ఎండకు 100. కనీసం 80 ఉన్నది తీసుకోండి. నేను చేపలు బాగా కొంటాను. తక్కువ సీఆర్ఐ లైటు కింద మొప్పలు ఎర్రగా ఉన్నా బూడిదరంగులో కనపడి తాజా చేపను కూడా అనుమానించేలా చేస్తాయి. మీ మెంతుల సమస్య కూడా అంతే, ఎరుపుకీ నలుపుకీ మధ్య తేడా తెలియాలంటే వెలుగొక్కటే చాలదు.

డబ్బా మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. కొనేముందు షాపులో వెలిగించమని, ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి చూడండి. వీడియోలో లైటు దడదడలాడితే ఆ డ్రైవర్ చౌకది. మన కరెంటు 50 హెర్ట్జ్, సరిగ్గా వడకట్టని లైటు సెకనుకు 100 సార్లు కొట్టుకుంటుంది. కంటికి తెలియదు గానీ కొందరికి తలనొప్పి వస్తుంది.

రాయచోటి రుచులు | గురువారం మధ్యాహ్నం 12:15

పసుపు లైటుకు ఎందుకు వ్యతిరేకం? రాత్రి తొమ్మిదికి తెల్ల లైటు కింద అన్నం తింటుంటే ఆసుపత్రి క్యాంటీన్‌లో కూర్చున్నట్టుంటుంది.

నెల్లూరు నాటుకోడి | గురువారం మధ్యాహ్నం 12:40

తినేచోట పసుపు పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు. కత్తి దగ్గర తెలుపు.

హూడీ ఒంగోలు | గురువారం రాత్రి 8:30

మా అత్తగారు వచ్చే నెల వస్తున్నారు. ఆవిడకు 67. ఆవిడ కూడా వంట చేస్తారు కాబట్టి అడుగుతున్నా, పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువ వెలుగు కావాలా?

మేడమీద మునగచెట్టు | గురువారం రాత్రి 9:00

కావాలమ్మా, నేను సాక్షిని. కళ్ల డాక్టరు నాకు చెప్పింది ఏమిటంటే, వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. అరవై ఏళ్ల కంటి లోపలికి వెళ్లే వెలుగు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతే ఉంటుందట. మీకు సరిపోయిందనుకున్నది ఆవిడకు సరిపోదు. పైగా మా వయసువాళ్లకు మెరుపు కూడా పడదు. లైటు నేరుగా కళ్లలో కొడితే ఆ తర్వాత కాసేపు ఏమీ కనపడదు. అందుకే లైటును అర అంచు వెనక దాచమన్న మాట బాగుంది. నల్ల గ్రానైటు మీద నల్ల ఆవాలు వెతకమనకండి, ఒక తెల్ల ప్లాస్టిక్ పీట కొనిపెట్టండి.

కరెంటు మాట | గురువారం రాత్రి 9:45

అలాగైతే రెండడుగులవి రెండు పెట్టండి. రెండోది సింకువైపు. పాత ట్యూబు తీసి అక్కడే నాలుగడుగుల 20 వాట్ల బ్యాటెన్ పెడితే గదికంతా సరిపోతుంది. పాతది 36 వాట్ల ట్యూబు, రాగి చోక్‌తో కలిపి 50 వాట్ల దాకా తింటుంది. రోజుకు ఐదు గంటల లెక్కన నెలకు ఏడున్నర యూనిట్లు. కొత్తది మూడు. కింది చిన్న లైట్లు రెండూ కలిపినా ఇంకో మూడు. గట్టు మీద వెలుగు ఎన్నో రెట్లు పెరిగి యూనిట్లు తగ్గుతాయి.

పాత ఫిట్టింగ్‌లోనే ఎల్ఈడీ ట్యూబు దూర్చాలని చూడకండి. రకాన్ని బట్టి స్టార్టర్ తీయాలి, చోక్ బైపాస్ చేయాలి, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. మొత్తం ఫిట్టింగ్ దించి, అవే స్క్రూ బెజ్జాలకు బ్యాటెన్ బిగించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. కొత్త బెజ్జం పడదు.

వైట్‌ఫీల్డ్ వేపకాయ | గురువారం రాత్రి 10:02

కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు, మన పాత సగటు వాడకానికి కొంచెం పైదాకా ఎలాగూ ఫ్రీ కదా, ఒకటి రెండు యూనిట్ల లెక్కలెందుకు?

కరెంటు మాట | గురువారం రాత్రి 10:15

200 ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు కట్టాలి కాబట్టి. వేసవిలో ఫ్యాన్లు, కూలర్ వేసేవాళ్లను అడగండి ఒకటి రెండు యూనిట్ల విలువ.

హూడీ ఒంగోలు | ఆదివారం సాయంత్రం 5:20

అప్‌డేట్. నిన్న మెట్రోలో మెజెస్టిక్ వెళ్లి గ్రీన్ లైన్ మారి చిక్‌పేటలో దిగి, బీవీకే అయ్యంగార్ రోడ్డులో తిరిగాం. అక్కడ చాలా షాపుల్లో ఎలక్ట్రికల్ సామాన్లే, మా వీధిలో చెప్పిన రేటు కంటే బాగా తగ్గింది. 10 వాట్లవి రెండు, 20 వాట్లది ఒకటి, అన్నీ 4000 కెల్విన్. ఫోమ్ టేపు, కేసింగ్ పట్టీ, బోర్డుతో కలిపి 1210 అయింది. స్లో మోషన్ పరీక్ష చేస్తుంటే షాపాయన నవ్వి, మొదట చూపించినదాన్ని తనే వెనక్కి తీసుకుని వేరేది ఇచ్చాడు! ఎలక్ట్రీషియన్‌కు 200.

ఇప్పుడు తరిగే చోట నీడ లేదు. కాకపోతే కొత్త బాధ, టైల్స్ మధ్య ఎన్ని మరకలున్నాయో కూడా కనపడుతున్నాయి. ఓనర్ ఆంటీ పైకి వచ్చి చూసి, కింద వాళ్ల వంటింటికి కూడా ఇలాగే చేయిస్తారా అని అడిగారు. అదే ఊపులో కాంపౌండు గోడ అడిగేశాను. దీపావళికి వేయిస్తామన్నారు, చూడాలి.

ఒక అనుమానం. 20 వాట్ల లైటు స్విచ్ ఆపినా రాత్రిపూట సన్నగా మిణుకుమిణుకుమంటోంది. పాడైపోయిందా?

కరెంటు మాట | ఆదివారం సాయంత్రం 6:40

లైటు బాగానే ఉంది. మీ స్విచ్ ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) బదులు న్యూట్రల్‌ను (తిరిగి వెళ్లే వైరు) ఆపుతోంది అని నా అనుమానం. పాత ట్యూబుకు ఆ కొద్దిపాటి కరెంటు చాలదు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు, ఎల్ఈడీకి చాలు. దీన్ని వదిలేయకండి. స్విచ్ ఆపి ఉన్నా ఫిట్టింగ్‌లో కరెంటు ఉన్నట్టే, రేపు ఎవరైనా తుడవబోతే షాక్ కొడుతుంది. అదే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్టర్ పెట్టి చూడమనండి. స్విచ్చుబోర్డులో రెండు వైర్లు మార్చే పని. అప్పటిదాకా ఆ లైటు తుడవాలంటే మెయిన్ ఆపండి.

హూడీ ఒంగోలు | సోమవారం రాత్రి 7:55

మీరు చెప్పిందే. పావుగంటలో సరిచేశాడు, మిణుకు పోయింది. డబ్బు తీసుకోలేదు, మీరు చెప్పకపోతే నేను గమనించేవాణ్ని కాదు అన్నాడు.

పాత ట్యూబు, ఫిట్టింగ్ ఏం చేయాలి? పాతసామాన్లవాడికి ఇచ్చేయనా?

నెల్లూరు నాటుకోడి | సోమవారం రాత్రి 8:20

ఓనర్ సొత్తు అండీ, ఇవ్వకండి. ఖాళీ చేసేరోజు అడుగుతారు. ఫిట్టింగ్‌ను, ట్యూబును విడివిడిగా పాత పేపర్లలో చుట్టి సజ్జ మీద పెట్టండి, ఇప్పుడే ఒక ఫొటో తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి. ట్యూబులో పాదరసం ఉంటుంది కాబట్టి సజ్జ మీద బరువులేవీ దాని మీద పడకుండా చూసుకోండి. పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి వచ్చేయండి, తర్వాత చీపురు వాడకుండా అట్టముక్కతో ఎత్తండి.